ఇద్దరి బరువు మోసే తొట్టి

పాలరాళ్ళపల్లి,
గుత్తి దగ్గర.

బుక్కరాయసముద్రంలో చెక్కపని చేసే రసూల్ సాబ్‌కు బయ్యన్న నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. వాన లేదు. అది కొత్త సంగతి కాదు కాబట్టి రాయకూడదనుకున్నాను, రాసేసినాను.

నన్ను మరిచిపోయినావేమో. మా ఇంటి తలవాకిలి చేసింది నువ్వే. ఆ తలుపు ఇంతవరకూ వానకు ఉబ్బలేదు. ఉబ్బేంత వాన పడి చాలా కాలమైందనుకో, అయినా పనితనం నీదే.

ఇప్పుడు ఇంకో పని ఉంది. మా అక్క కొడుకు వంశీ బెంగళూరులో మూతపడిన హోటళ్ళ సామాను కొని అమ్ముతుంటాడు. వాడు నాకొక తొట్టి తెచ్చి ఇచ్చినాడు. అలాంటిలాంటి తొట్టి కాదు. నలుపక్కలా ఏడడుగులు, లోతు మూడడుగులు, నున్నగా తెల్లగా ఉంటుంది. కానీ ఉత్త డొప్ప మాత్రమే వచ్చింది. దాని కింద ఉండాల్సిన చట్రమూ, చుట్టూ ఉండాల్సిన చెక్కల క్యాబినెట్టూ ఆ హోటల్లోనే చెదలు తినేసినాయంట. నీళ్ళు పోస్తే టన్ను పైగా బరువు తూగుతుంది. ఆ బరువు మోసే చట్రం, పైన చూడముచ్చటైన క్యాబినెట్టు నువ్వు చేసిపెట్టాల.

ఒక్క మాట. ఇది మా ఇంట్లో తిమ్మక్కకు తెలియకూడదు. ఆమె సంతకు పోయినప్పుడు తొట్టిని దింపించి, గొర్రెల మేతకు వేసిన శెనక్కట్టె వామి వెనక బోర్లించి పట్ట కప్పినాను. ఫోను చేయొచ్చు కదా అంటావు. నాకు చెవులు కొంచెం మందం, అందుకని గట్టిగా మాట్లాడతాను. నేను ఫోనులో చెప్పే రహస్యాలు బస్టాపు దాకా వినిపిస్తాయని తిమ్మక్క అంటుంది. అందుకే ఉత్తరం. జవాబు మా ఇంటికి కాకుండా తిప్పయ్య టీ కొట్టుకు రాయి.

ఇట్లు,
నీ తలుపు మూసుకుని కూర్చుని రాస్తున్న
బయ్యన్న

తా.క.: నేనే వచ్చి మాట్లాడేవాణ్ణి. బస్సులో సీట్లు గట్టిగా ఉంటాయి, నాకు నచ్చవు. నడుం నొప్పేమో అనుకునేవు. నడుం బ్రహ్మాండంగా ఉంది.


బుక్కరాయసముద్రం.

బయ్యన్నకు రసూల్ సలాములు.

నీ ఉత్తరం అందింది. నా అక్షరాలు నేనే చదువుకోలేను కాబట్టి నేను చెప్తుంటే మా ఇంటామె మెహరున్నీసా రాస్తోంది. ఆమె నోరు తాళం వేసిన పెట్టె, భయపడొద్దు.

నువ్వు విడమరిచి చెప్పకపోయినా అర్థమైంది అన్నా. ఈ ఎండల్లో టన్ను నీళ్ళు దాచుకునే తొట్టి అంటే బంగారమే. మా ఊరి పక్కనే అంత పెద్ద చెరువుంది, ఆ సంగతి మా కొళాయికి తెలియదు. మా వీధిలో ప్రతి డ్రమ్ముకూ తాళముంది. కాకపోతే భార్యకు తెలియకుండా నీళ్ళు దాచుకునే మనిషిని నిన్నే చూస్తున్నాను. మీ సంసారం, నాకెందుకు.

అందుకని క్యాబినెట్టుకు మూతా, మూతకు గొళ్ళెం, గొళ్ళేనికి తాళం పెడుతున్నాను. తాళంచెవులు రెండూ నీకే. ముందరి పలకకు అడుగున రంధ్రం తొలిచినాను, అక్కడ కొళాయి వస్తుంది. ఇక చట్రమంటావా, ఉట్టిలో కుండ ఆనినట్టు తొట్టి అంచును చట్రం పట్టుకుంటే చాలు, అడుగున ఏమీ అక్కర్లేదు. చెక్క మిగులుతుంది.

ఇంట్లో పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
రసూల్

తా.క.: ఇది ఆయన చెప్పింది కాదు, నేను మెహరున్నీసాను రాస్తున్నాను. అంచు పట్టుకుంటే చాలు అని రాయించి, నమ్మకం కుదరక, నా బట్టలుతికే తొట్టిని రెండు బల్లల మధ్య అంచుల మీద వేలాడదీసి నీళ్ళు నింపినాడు. కొళాయి వచ్చిన రోజే ఆ పని చేసినాడు. అడుగు కుంగి, నడిమికి చీలి, నీళ్ళన్నీ వరండాలోకి వచ్చినాయి. కాబట్టి అన్నా, అడుగున ఆధారం కావాలి. నాకు తొట్టి కావాలి.


పాలరాళ్ళపల్లి.

రసూల్ సాబ్‌కు బయ్యన్న నమస్కారాలు. మెహరున్నీసమ్మకు కూడా, వరండా ఆరిందని తలుస్తాను.

నీ ఉత్తరం టీ కొట్లో చదివి నవ్వితే తిప్పయ్య గ్లాసు జారవిడిచినాడు. ఏం సాబ్, నేను నీళ్ళ దొంగలాగా కనపడ్డానా? తాళం వద్దు. కొళాయి వద్దు. అది తాగే నీళ్ళకు కాదు.

వంశీని అడిగి అన్నీ రాస్తున్నాను, జాగ్రత్తగా విను. తొట్టి కింద వంశీ విడిగా తెచ్చి బిగించే మోటారు ఒకటి ఉంటుంది, నీళ్ళను తిప్పుతూ ఉంటుంది. ఒక హీటరు ఉంటుంది, నీళ్ళు వేడిగా ఉంటాయి. సన్న రంధ్రాల్లోంచి గాలి వచ్చి బుడగలు లేస్తాయి. అడుగున నీలం లైటు. ఒక పక్క పలక ఊడదీసేటట్టు ఉండాల, మోటారు మొండికేస్తే చెయ్యి పెట్టేందుకు. ఎక్కడానికి తక్కువ ఎత్తుతో మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ. ఒక్కటి చాలు. ఒక్క మనిషి బరువు లెక్క వేసుకో. వాడిన నీళ్ళు పోవడానికి ఒక పైపు, దాన్ని మా చీనీకాయల తోటలోకి వదులుతాను.

దేనికని మాత్రం అడగొద్దు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. కరువు సీమలో పుట్టినవాడు చేయాల్సిన పని కాదని నాకూ తెలుసు.

ఇట్లు,
బయ్యన్న

తా.క.: బోర్లించిన తొట్టిని గొర్రెపిల్లలు తమ ఇల్లనుకుని దాని కిందికి దూరుతున్నాయి. తొందరగా చెయ్యి. అవి బయటికి వచ్చేటట్టు లేవు.


బుక్కరాయసముద్రం.

బయ్యన్నకు,

సలాం రాయిస్తున్నాను, మనసుతో కాదు.

రాత్రంతా ఆలోచించినాను. వేడినీళ్ళు. తిప్పే మోటారు. అడుగున నీలం. మురుగు పైపు. వామి వెనక దాపుడు. భార్యకు తెలియకూడదు, చెప్పడానికి సిగ్గు. నేను చెక్కపని చేసేవాణ్ణే కానీ లోకం తెలియనివాణ్ణి కాదు. మా పెదనాన్న మనవడు జమీల్ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తాడు. వాణ్ణి అడిగితే ఒక్క మాటలో చెప్పినాడు: “ఇంకేముంది చిన్నాన్నా, ప్యాంట్లకు రంగేసే తొట్టి.” దొంగచాటుగా అద్దకం పెడుతున్నావు అన్నా నువ్వు!

పెట్టుకో, వద్దనను. కానీ జమీల్ వాళ్ళు కూడా ఆ రంగునీళ్ళు శుద్ధి చేసి గానీ బయటికి వదలరంట. నువ్వు ఏకంగా చీనీ చెట్ల మొదళ్ళకు వదులుతానంటున్నావు. కాయలు నీలంగా కాస్తాయా? ఆ నీళ్ళు భూమిలోకి దిగి మీ ఊరి బోర్లలో తేలితే, ఆ పాపంలో నా రంపానికి కూడా భాగముంటుంది. ఖుదా కసం, ఈ పని నేను చెయ్యను.

ఇట్లు,
బాధతో
రసూల్

తా.క.: మెహరున్నీసాను. చెయ్యనని రాయించినాడు గానీ చట్రానికి కాళ్ళు కోసేసినాడు అన్నా. వాటి పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు, నడుమ నడుమ చేత్తో తడుముతున్నాడు. నిజం చెప్పేయండి. ఈ వయసులో ఇంకో సంసారమేమైనా పెట్టినారేమో అని కూడా నాకు తోచింది. దానికి నీలం లైటు అవసరముండొచ్చు, చీనీ తోటలోకి పైపు ఎందుకో అర్థం కాలేదు.


పాలరాళ్ళపల్లి.

రసూల్ సాబ్‌కు,

అద్దకం లేదు. ఇంకో సంసారం లేదు. ఉన్న ఒక్క సంసారం కోసమే ఇదంతా. ఇక చెప్పేస్తాను, నవ్వొద్దు.

తిమ్మక్కకు మోకాళ్ళు అరిగినాయి. వేడినీళ్ళలో మునిగి కూర్చుంటే సులువుగా ఉంటుందని గుత్తిలో డాక్టరమ్మ చెప్పింది. కూర్చోవడమంటే ఎక్కడ సాబ్? మేము బకెట్టు నీళ్ళతో స్నానం చేసి, ఆ నీళ్ళే కరివేపాకు చెట్టుకు పోసేవాళ్ళం. మా బోరు కాసేపు పోసి చాలాసేపు అలుగుతుంది. మనిషి మునిగేంత నీళ్ళు మనిషి కోసం వాడినామని తెలిస్తే తిమ్మక్క ఇంట్లో ఉండదు. నీళ్ళు ఒలికితే వేలితో తుడిచి కోళ్ళకు విదిలించే మనిషి ఆమె. ముందే చెప్తే తొట్టిని గొర్రెలకే ఇచ్చేయమంటుంది. అంతా సిద్ధం చేసి, నీళ్ళు కూడా పోసేసినాక చెప్తే, పోసినవి ఎందుకు వృథా చేయాలని అయినా దిగుతుందేమోనని నా ఆశ. అవే నీళ్ళు మోటారుతో శుభ్రపడి తిరుగుతుంటాయి, రోజూ మార్చే పని లేదు. మార్చినప్పుడు చీనీ చెట్లకు పోతాయి.

అసలు సంగతి మోకాళ్ళు కూడా కాదు. పెళ్ళయినప్పటి నుంచీ మేమిద్దరం కిందనే, ఎదురెదురుగా కూర్చుని సంగటి తినేవాళ్ళం. మాట్లాడుకునేది అప్పుడే. కొట్లాడుకునేది కూడా అప్పుడే. పోయిన ఏడు ఒకరోజు ఆమె లేచి నిలబడి, “ఇంక కింద కూచునేది నాతో కాదు, మోకాళ్ళు” అనింది. అప్పటి నుంచి వంటింట్లో బండ దగ్గర నిలబడే తింటుంది. ఆమె నిలబడితే నేను కింద కూర్చోవడం బాగుండదని నేను కుర్చీ వేసుకుని వసారాలో తింటున్నాను. ఆమె ముద్ద కలుపుతూ నన్ను చూసి నవ్వి ఏడాదైంది సాబ్. ఆ మోకాళ్ళు వంగితే ఆమె మళ్ళీ నా ఎదురుగా కూర్చుంటుంది. నాకు కావాల్సింది అంతే.

ఇట్లు,
బయ్యన్న

తా.క.: ఈ ఉత్తరం ఎవరికీ చూపొద్దు. జమీల్‌కు మాత్రం చూపు, నేను దొంగను కాదని తెలియాల.


బుక్కరాయసముద్రం.

మా బయ్యన్నకు రసూల్ వేయి సలాములు.

తౌబా తౌబా. నిన్ను ఎన్ని మాటలన్నాను. నీ ఉత్తరం మెహరున్నీసా చదువుతూ నడుమ ఆపేసింది. కళ్ళలో రంపపు పొట్టు పడిందంట. నా కళ్ళలో కూడా పడింది. ఆ రోజు రంపం పట్టనే లేదు.

ఇక పని సంగతి. తొట్టి ఉంచే చోట ముందు సిమెంటు బెడ్డు పోయించు, మట్టం తప్పకూడదు. ఒక మూల కుంగితే టన్ను బరువూ ఆ మూలనే పడుతుంది. తొట్టి అడుగు మొత్తం చట్రం మీద ఆనుతుంది. లోపల మనిషి కూర్చునే చోట్ల కింద విడిగా దిమ్మలు పెడతాను. పైన నడిమికి మడిచే మూత, తాళం లేకుండా. చుట్టూ టేకు పలకలు బిగిస్తాను. అవి చూసేందుకే అన్నా, బరువు మోయవు. మోసేదంతా లోపల, కనపడకుండా ఉంటుంది. మోటారు వైపు పలక రెండు మరలు తిప్పితే ఊడి వస్తుంది. ముందరి పలకకు కొళాయి రంధ్రం ముందే తొలిచినాను కదా, మంచి టేకు పారేయలేను. ఆ కొళాయి అక్కడే ఉంచుతాను, నీళ్ళు మార్చేటప్పుడు పనికొస్తుంది.

ఒక్క మనిషి బరువుకు చాలన్నావు. నేను ఇద్దరికి కడుతున్నాను. దేనికని అడగొద్దు. నువ్వు నన్ను అడగనిచ్చినావా?

శుక్రవారం నమాజు కాగానే బండి వేసుకుని వస్తాం. ఆ రెండు రోజులు తిమ్మక్కను ఎక్కడికైనా పంపించు.

ఇట్లు,
నీ తమ్ముడు రసూల్

తా.క.: మెహరున్నీసాను. ఆమెను ఎలా పంపాలా అని మీరు తిప్పలు పడొద్దు అన్నా. గుత్తిలో ఆమె చెల్లెలు వనజాక్షికి శుక్రవారం నుంచి ఒంట్లో బాగుండదు. ఎలా తెలుసని అడగొద్దు.


పాలరాళ్ళపల్లి.

రసూల్ సాబ్, కొంప మునిగింది.

నమస్కారం రాయడం మరిచినాను, ఇప్పుడు పెట్టుకుంటున్నాను.

నువ్వు బిగించి పోయిన క్యాబినెట్టు చూసి నేను దాని చుట్టూ తిరిగి తిరిగి మురిసిపోయినాను. మీ బండి కదలగానే బోరు వేసినాను, ఆ పొద్దు ఎందుకో అది అలగలేదు, తొట్టి నింపి హీటరు పెట్టినాను. తెల్లారి లేచి చూస్తే ఇంటి ముందు బిందెలు! వరస బస్టాపు దాకా ఉంది. టేకు పెట్టె, దానికి అడుగున మెరిసే కొళాయి. ఎవరికైనా ఏం తోస్తుంది? బయ్యన్న వీధికి నీళ్ళ ట్యాంకు పెట్టించినాడని ఊరంతా ఒక్కటే మాట. నీ టేకు మీద ప్రేమ నా ప్రాణం మీదికి వచ్చింది.

నేను నోరు తెరిచేలోపు తిప్పయ్య టెంకాయ కొట్టినాడు. కొళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చినాయి. “కరెంటుతో కాదు, గంగమ్మ మహిమతోనే కాగినాయి” అని తిప్పయ్య భార్య తిప్పమ్మ చెంపలు వేసుకునింది. సరిగ్గా అప్పుడే తిమ్మక్క గుత్తి బస్సు దిగింది.

“ఏమయ్యా, ఇదంతా ఏంది?” అనింది.

అందరూ నా వైపు చూస్తున్నారు. “నీళ్ళ ట్యాంకు,” అన్నాను. నా నోటి నుంచే వచ్చింది సాబ్ ఆ మాట!

తిమ్మక్క కొంగు దోపుకుని కొళాయి దగ్గర నిలబడింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి బిందెలు నింపింది. ముసలివాళ్ళకు ముందు పోసింది. ఆ మోకాళ్ళతో మధ్యాహ్నం దాకా నిలబడింది. ఎవరి మోకాళ్ళ కోసం తొట్టి తెచ్చినానో ఆ మోకాళ్ళే నొస్తుంటే, నేను వసారాలో నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు తొట్టి ఖాళీ. నాకేమీ తోచడం లేదు. ఎలా చెప్పాలో ఒక ఉపాయం రాయి.

ఇట్లు,
నీ ట్యాంకు బయ్యన్న

తా.క.: ఒక కమ్మీ చాలంటే రెండు పెట్టినావు. ఆ రెండోది ఎవరికి? ఆమె ఒక్కతే కదా కూర్చునేది.


పాలరాళ్ళపల్లి.

రసూల్ సాబ్‌కు, మెహరున్నీసాకు తిమ్మక్క నమస్కారాలు.

ఆయన చేతులు తడిగా ఉండాయి. అందుకని ఈ ఉత్తరం నేను రాస్తాండా. నాకు రాసే అలవాటు లేదు, మాట్లాడినట్టే రాస్తా.

రసూల్ సాబ్, నీకు తెలియని సంగతి ముందు చెప్తా. తొట్టి వచ్చిన వారంలోనే నేను చూసినా. వామి వెనకాల గొర్రెపిల్లలు మాయమైతాండాయి, ఆడ ఏముందా అని పోయి పట్ట ఎత్తినా. తిప్పయ్య కొట్టుకు ఉత్తరాలు వస్తాండాయని తిప్పమ్మ చెప్పింది. మా తలుపు వెనకాల నువ్వు రాసిపోయిన ఫోన్ నంబరు ఇంకా ఉండాది. మెహరున్నీసాకు ఫోన్ చేసినా. ఆమె నోరు తాళం వేసిన పెట్టె అన్నావంట. ఆడోళ్ళకు ఆ తాళంచెవి ఉంటాది లే. మీరు ఉత్తరాలు రాసుకుంటా ఉంటే మేము రోజూ ఫోన్లో మాట్లాడుకుంటిమి. ఇద్దరి బరువుకు కట్టమని నీకు చెప్పింది ఆమె, ఆమెకు చెప్పింది నేను. ఎందుకో కూడా చెప్తా.

నా మోకాళ్ళు నొస్తాయి, అబద్ధం కాదు. కానీ నేను కింద కూచోనని లేచింది మోకాళ్ళకు కాదు. చీనీ కాయల బుట్ట ఎత్తబోయి ఈయన నడుం పట్టేసింది. తిని లేసేటప్పుడు గోడ పట్టుకుంటాండె. ముఖం నల్లబడతాండె. అడిగితే “నడుం బ్రహ్మాండం” అంటాండె. నేను కింద కూచున్నన్ని రోజులు ఈ మనిషి కూడా కింద కూచుంటాడు, చెప్పడు. అందుకే నాతో కాదని నేనే నిలబడినా. నేననుకున్నట్టే కుర్చీ వేసుకునె. నొప్పి తగ్గె. కానీ పోయి వసారాలో కూచునె! ఏడాదంతా నేను వంటింట్లో నిలబడి ఆయన వీపు చూస్తా తిన్నా మెహరూ. ఆ వీపు కోసమే చేసిన పని అది, ఏం అనేది?

ఆ పొద్దు బిందెలన్నీ నింపినాక అడిగినా. “ఊరికి నీళ్ళు పోసే ట్యాంకులో కూచునేదానికి సీట్లెందుకయ్యా? నీలం లైటెందుకు?”

తల వంచుకున్నాడు. ఏదో గొణిగినాడు. ఇన్నేండ్లలో ఈ మనిషి గొంతు తగ్గించి మాట్లాడింది అదే మొదటి తూరి, నాకే వినపడలేదు. మళ్ళా చెప్పమన్నా.

“నీ మోకాళ్ళకు,” అన్నాడు.

“ఎదురుగా నువ్వు కూచుంటేనే దిగుతా,” అన్నా. “ఆ రెండో కమ్మీ నీకే. నీ నడుం ఎత్తుకు పెట్టించినా.”

ఆయనకు ఏడుపొచ్చింది. నాకూ వచ్చింది. నీళ్ళు దండగ చేయకూడదని ఇద్దరం తొందరగా ఆపుకున్నాం.

బోరు అలకలు తీరి తొట్టి మళ్ళా నిండేసరికి రెండు రోజులు పట్టె. ఈ పొద్దు దిగినాం. చీర తడిస్తే తడిసింది. మూత సగానికి మడిచి, దాని మీద సంగటి, శెనక్కాయల చట్నీ పెట్టుకుని, ఎదురెదురుగా కూచుని తిన్నాం. ఉప్పు తక్కువైందన్నాడు. నోరు మూసుకుని తినమన్నా. ఏడాది బాకీ ఉండె ఆ మాట. చట్రం కిర్రుమని కూడా అనలేదు సాబ్. నీ చేతులు చల్లగుండ.

ఇట్లు,
మీ తిమ్మక్క

తా.క.: మెహరూ, నీ బట్టల తొట్టికి బదులు కొత్తది వంశీ చేత పంపిస్తాండా. దాన్ని అంచులతో వేలాడదీయనియ్యొద్దు.

ఇంకో తా.క.: రసూల్ సాబ్, సంగటి ముద్ద ఒకటి నీళ్ళలో జారి మోటారులో ఇరుక్కునింది. ఊడదీసే పలక అంటివే, ఆ మరలు ఎటు తిప్పాలో ఈయనకు తెలియదు. ఈ ఆదివారం ఇద్దరూ వచ్చి తిప్పిపోండి. సంగటి చేస్తా.

(ఇది తడి చేత్తో రాసింది, మరకలు మన్నించాల.) సాబ్, బయ్యన్నను. నాకు నడుం నొప్పి ఉంది.